ఏళ్లుగా నిలిపిన స్పోర్ట్స్ కారు: ఘాట్ రోడ్డు ఎక్కే ముందు బ్రేకుల జాగ్రత్తలు

షెడ్డులో ఏళ్లకేళ్లు కదలకుండా పడున్న స్పోర్ట్స్ కారుకు కొత్త బ్యాటరీ వేసి, ట్యాంకు కడిగి తాజా పెట్రోలు పోస్తే ఇంజను అందుకుంటుంది. బ్రేకు తొక్కి చూస్తే పెడల్ గట్టిగానే తగులుతుంది. ఊళ్లో రెండు చక్కర్లు కొడితే ఆగుతుంది కూడా. ఆ గట్టిదనాన్ని నమ్మి, శ్రీశైలం గేట్లు ఎత్తారని నల్లమల దారి పట్టొద్దు. మన్ననూరు దాటాక చాలా దూరం రోడ్డు మామూలుగానే ఉంటుంది. ఈగలపెంట దాటిన దగ్గర్నుంచి కృష్ణ మీది వంతెన దాకా మాత్రం ఒకటే దిగుడు, మలుపు మీద మలుపు. పాత బ్రేకు బండారం బయటపడేది అక్కడే, వేడెక్కాక. బ్రేకాయిలు, రబ్బరు పాడయ్యేది కిలోమీటర్లతో కాదు, ఏళ్లతో. కారు తక్కువ తిరిగిందన్న మాట బ్రేకుల లెక్కలోకి రాదు.

ముందు ఆయిలు సంగతి. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మీద రాసి ఉండే డాట్ అంకె ఆయిలు రకాన్ని చెబుతుంది. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి అవే అంకెలు 205, 140. ఘాట్ దిగుతూ తొక్కుతూ పోతే, చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్‌లో ఆయిలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకంటుతుంది, కారు ఆగదు. ఆయిలు రంగు చూసి బాగుందనుకోవద్దు, నీరు కంటికి కనపడదు. నిలబడ్డ కారులో పాత ఆయిలు మొత్తం తీసేయాల్సిందే. అరలీటరు సీలు డబ్బాలు రెండు కొంటే కడగడానికీ నింపడానికీ సరిపోతుంది. ఎప్పుడో మూత తీసిన డబ్బా వద్దు. డాట్ 5 సిలికాన్ ఆయిలు వేరే జాతి, డాట్ 3, 4లతో కలవదు. అంకె పెద్దదని అది పోయకండి.

పని మొదలుపెట్టే చోటు చూసుకోండి. నల్లరేగడి నేలలో జాకీ, స్టాండు కుంగుతాయి. షాబాద్ బండలు పరిచిన చోట స్టాండు కాలు ఒక్కచోటే బరువు మోపి బండను పగలగొడుతుంది. కింద మందపాటి చెక్క పలక వేసి, స్టాండ్ల మీద నిలిపాకే కిందికి దూరాలి, ఉత్త జాకీ మీద ఎన్నడూ వద్దు. చక్రాల వెనక చెయ్యి పెట్టే ముందు టార్చి కొట్టి చూడండి, తేళ్లు అక్కడే చేరుతాయి. పాత లైనర్లలో, అంటే బ్రేకు షూల మీద అతికించిన అరిగే పొరలో, ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. నీళ్లు చిలకరించి, మాస్కు కట్టుకుని, తడిబట్టతో తుడిచి ఆ బట్టను కవర్లో కట్టి పారేయండి.

వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు పట్టేసి ఉంటే ఫస్టు గేరులో గుంజొద్దు, లైనరు షూ నుంచి ఊడివస్తుంది. హ్యాండ్ బ్రేకు వదిలి, షూలను డ్రమ్ముకు దగ్గరగా, దూరంగా జరిపే అడ్జస్టరు వెనక్కి తిప్పి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో తట్టాలి. కొన్ని డ్రమ్ములకు రెండు మరల రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్మే బయటికొస్తుంది. లోపల షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూడండి. తడి కనిపిస్తే రెండు వైపులా మార్చాలి. ఆయిలు తాగిన షూలు ఎంత రుద్దినా పనికిరావు.

అసలు పని కాలిపర్లలో ఉంది. గాలితో పిస్టన్ తీస్తే తూటాలా వస్తుంది, వేళ్లు నలిగిపోతాయి. పైపు విప్పకముందే కాలిపర్‌ను డిస్కు నుంచి తప్పించి, మధ్యలో చెక్క ముక్క పెట్టి, పెడల్ మెల్లగా తొక్కితే పిస్టన్ దానంతటదే జరుగుతుంది. వచ్చిన పిస్టన్‌ను తుడిచి గోటితో గీరి చూడండి. చుట్టూ ఉండే రబ్బరు సీలు తిరిగే భాగంలో గోటికి తగిలే గుంట ఉంటే పిస్టన్ మార్చాలి, ఎమరీ పేపరుతో సరిపెట్టొద్దు. సీలు కూర్చునే గాడిలో గట్టిపడ్డ తుప్పును చాలామంది వదిలేస్తారు. ఆ తుప్పు సీలును బయటికి నెట్టి పిస్టన్‌ను పట్టేస్తుంది, పెడల్ వదిలినా ప్యాడు వదలదు. కొత్త సీళ్ల కిట్టు వేశాక కూడా చక్రం కాలుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. గాడిని వెదురు పుల్లతో గీకండి, స్క్రూడ్రైవరుతో కాదు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన షెడ్లలో ఏ పార్టయినా డీజిల్ తొట్టిలో కడగడం అలవాటు. బ్రేకు పార్టులకు డీజిల్, పెట్రోలు, కిరోసిన్, మామూలు గ్రీజు ఏదీ తగలకూడదు. ఆ రబ్బరు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది, కొత్త సీలు కూడా కొద్ది రోజుల్లో పాడవుతుంది. బ్రేక్ క్లీనరుతో కడిగి, తాజా బ్రేకాయిలో, బ్రేకుల కోసమే వచ్చే ఎర్ర రబ్బరు గ్రీజో పూసి బిగించాలి.

చక్రాలకు ఆయిలు తీసుకెళ్లే రబ్బరు హోస్ పైపులు బయటికి బాగున్నా మార్చేయండి. లోపలి పొర ఊడి అడ్డుపడితే ఆయిలు లోపలికి పోతుంది గానీ వెనక్కి రాదు, ఒక చక్రమే పట్టేస్తుంది. కొనేటప్పుడు మరలు సరిచూసుకోండి. పాత బ్రిటిష్ కార్లలో అంగుళాల కొలతలో వచ్చే 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ మర ఉంటుంది, అంటే 9.5 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికేది ఎక్కువగా 10 మిల్లీమీటర్ల మెట్రిక్. చూపుకు రెండూ ఒకటే, ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. అలా బిగించింది ఒత్తిడికి ఊడిపోతుంది. పాత హోసును చేతిలో పట్టుకుని పోయి, పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి. ఇనుప పైపులను క్లిప్పుల కింద తుప్పు పట్టిందేమో చూడాలి.

1960ల నాటి చాలా స్పోర్ట్స్ కార్లలో బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఎక్కడ ఒక్క లీకొచ్చినా నాలుగు చక్రాలూ పోయినట్టే. అలాంటి కారుకు హ్యాండ్ బ్రేకు కేబుల్ అలంకారం కాదు, రెండో ప్రాణం. దాన్ని ఊడదీసి తుప్పు చూడండి.

పెడల్ తొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే మేర నున్నగా ఉంటుంది, దాటిన చోట తుప్పు పేరుకుంటుంది. బ్లీడింగ్, అంటే పైపుల్లోని గాలి తీసే పని, చేస్తూ పెడల్ అడుగుదాకా తొక్కితే సీలు ఆ తుప్పు మీదికి పోయి చిరుగుతుంది. పని పూర్తయిన మర్నాడే పెడల్ కుంగడం ఇందుకే. ముందే విప్పి చూసి, లోపల గుంటలుంటే మార్చడమే దారి. మార్చే పని లేకపోతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి తొక్కండి.

బ్లీడింగ్‌కు ముందు డ్రమ్ము షూలను తగిలేదాకా బిగించి ఒకటి రెండు క్లిక్కులు వెనక్కి తిప్పాలి. లేకపోతే గాలి లేకున్నా పెడల్ కిందికే ఉంటుంది. కుడివైపు స్టీరింగు కార్లలో సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అన్నది వరుస. మాన్యువల్ వేరేగా చెబితే అదే పాటించాలి. కాలిపర్‌లో గాలి వదిలే నిప్పిల్ పైకే ఉండాలి. ఎడమది కుడికి బిగిస్తే గాలి పైనే చిక్కుకుంటుంది, ఎంత తొక్కినా రాదు. చక్రం దగ్గర ఒకరు, సీట్లో ఒకరు:

“తొక్కి పట్టు.”
“పట్టిన అన్నా.”
నిప్పిల్ పావు చుట్టు విప్పాలి, బుడగలు రావాలి, మళ్లీ బిగించాలి.
“ఇగ ఇడువు.”

బిగించకముందే వదిలితే గాలి వెనక్కి పీలుస్తుంది. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిలు అడుగంటితే మళ్లీ మొదటికే. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

తర్వాత పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా అదిమి పట్టండి, కుంగకూడదు. కాలి బలానికి తోడయ్యే బూస్టరున్న కారయితే ఇంజను ఆపి అయిదారుసార్లు తొక్కి, తొక్కి పట్టే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. చక్రాల కింద పాత పేపర్లు పరిచి రాత్రంతా వదిలి, తెల్లారి మరకలు చూడండి. మొదటి పరీక్ష ఖాళీ స్థలంలో, 10 కిలోమీటర్ల వేగంలో, చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద పెట్టుకుని. ఆ పైన 50 నుంచి 20కి తగ్గిస్తూ పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ, ప్యాడ్లను కుదుర్చుకోవాలి. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా కాలుతుంటే వెనక్కి తెచ్చి ఆ కాలిపర్, ఆ హోసు మళ్లీ విప్పండి.

ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్ అసలే వద్దు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదలాలి. కాలిన వాసన వచ్చినా, పెడల్ మునుపటికన్నా కిందికి పోయినా, గేరు తగ్గించి విశాలమైన చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి అరగంట వదిలేయండి. కాలుతున్న డిస్కు మీద నీళ్లు పోయొద్దు, పగుళ్లిస్తుంది. చల్లారాక పెడల్ తిరిగి గట్టిపడినా ఆయిలు మరిగినట్టే లెక్క. మెల్లగా కిందికి దిగి, ఇంటికి చేరాక మొత్తం ఆయిలు మళ్లీ మార్చండి.