నెల వంటలు, నెల సరుకులు: ముందే లెక్క వేసుకోవడం ఎలా?

ఒకటో తారీఖు రాగానే చిట్టీ పట్టుకుని కిరాణా దుకాణానికి వెళ్లడం అందరికీ అలవాటే. చాలా ఇళ్లలో ఆ చిట్టీ పోయిన నెలదే, తేదీ మాత్రమే కొత్తది. మహబూబ్‌నగర్‌లో కాపురం పెట్టిన కొత్తలో మేమూ అంతే. కందిపప్పు నాలుగు కిలోలు, శనగపిండి కిలో, రవ్వ రెండు కిలోలు. నాలుగే ఎందుకో ఎవరూ అడగలేదు. ఒకసారి దీపావళికి ముందు అరలు దులుపుతుంటే వెనక నుంచి మూడు శనగపిండి ప్యాకెట్లు బయటపడ్డాయి. ఒకదాంట్లో పిండి ఉండలు కట్టి, కదిపితే సాలెగూడులా దారాలు సాగాయి. అత్తమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, "డబ్బాలు చూడకుండా చిట్టీ రాస్తే లాభం దుకాణానికే బిడ్డా" అంది. అప్పటినుంచి మా ఇంట్లో చిట్టీ వంటింట్లోనే పుడుతోంది.

మొదట డబ్బాలు

నెలాఖరుకు ఐదారు రోజుల ముందు ఒక సాయంత్రం అన్ని డబ్బాలూ కిందికి దించండి. మూత తీసి, ఏది ఎంత ఉందో కాగితం మీద రాయండి. "కొంచెం ఉంది" అని రాయకండి, పావు డబ్బా, అర డబ్బా అని రాయండి. ఈ పనికి అరగంట చాలు.

తర్వాత గ్లాసు

ఈ మొత్తం వ్యవహారంలో అసలైన పని ఇదే. వారం రోజులు బియ్యం, పప్పు, రవ్వ ఏది తీసినా ఒకే స్టీలు గ్లాసుతో తీయండి. తీసిన ప్రతిసారీ గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో గీత పెట్టండి. వారం చివర ఆ గ్లాసునిండా కందిపప్పు పోసి తూకం వేయించండి. వంటింటి త్రాసు లేకపోతే కిరాణా దుకాణంలో అడిగితే తూచి ఇస్తారు. మా గ్లాసులో కందిపప్పు 150 గ్రాములు పట్టింది, బియ్యమూ దాదాపు అంతే.

మేం ఐదుగురం. ముద్దపప్పో ఆకుకూర పప్పో వండిన రోజు గ్లాసున్నర, పప్పుచారు రోజు ముప్పావు గ్లాసు పడుతుంది. వారానికి రెండుసార్లు పప్పు, ఒకసారి పప్పుచారు అనుకుంటే సుమారు 560 గ్రాములు. అంటే నెలకు రెండున్నర కిలోలు దాటదు. మేం కొంటున్నది నాలుగు! బియ్యం రోజుకు ఐదు గ్లాసులు, నెలకు 22.5 కిలోలు. రాత్రిపూట ముగ్గురం జొన్నరొట్టెలు తింటాం కాబట్టి ఇది తక్కువే. మూడు పూటలా అన్నమే తినే ఇళ్లలో లెక్క వేరుగా ఉంటుంది. అందుకే పక్కింటి చిట్టీ మనకు పనికిరాదు.

రేషన్ కార్డు ఉన్నవారు ఇక్కడే ఆ బియ్యాన్ని తీసేసి లెక్క కట్టాలి. తెలంగాణలో 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీలో మనిషికి నెలకు ఆరు కిలోలు ఇస్తున్నారు. కార్డులో నలుగురుంటే 24 కిలోలు. అలాంటి ఇంటికి బస్తా కొనే పని చాలావరకు తప్పుతుంది, అయినా అలవాటుకొద్దీ కొనేవాళ్లున్నారు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని

వంటల పట్టిక రాసే ముందు ఆ నెలలో ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో, ఏ పండుగ ఉందో చూడండి. శ్రావణంలో, కార్తీకంలో మాంసం ముట్టని ఇంట్లో పప్పు, కూరగాయల ఖర్చు పెరుగుతుంది. బతుకమ్మ నెలలో సద్దులకు నువ్వులు, పల్లీలు, కొబ్బరి, మలీదకు బెల్లం మామూలు నెలకంటే రెట్టింపు కావాలి. సంక్రాంతికి సకినాలు చేస్తే బియ్యం, నువ్వులు, నూనె అదనం. ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులే, కానీ ఎప్పుడూ చివరి నిమిషంలోనే గుర్తుకొస్తాయి.

ఇక పట్టిక. ముప్పై రోజులకు ముప్పై కూరల పేర్లు రాసేవాళ్లను చూశాను. మూడో రోజుకే ఆ కాగితం చెత్తబుట్టలో ఉంటుంది. పద్నాలుగో తారీఖు బెండకాయ వేపుడు అని రాసుకుంటాం, ఆ రోజు అంగడిలో బెండకాయలు ముదిరిపోయి ఉంటాయి. కూర పేరు కాకుండా రకం రాయండి. సోమవారం ఆకుకూర పప్పు, మంగళవారం పులుసు, బుధవారం గుడ్లు, గురువారం వేపుడు, శుక్రవారం పప్పుచారు, శనివారం రోటి పచ్చడి, ఆదివారం కోడికూర. పప్పులోకి పుంటికూరా పాలకూరా అన్నది అంగడిలో ఏది లేతగా ఉంటే అది. ఈ ఒక్క వారాన్నే చిన్న మార్పులతో నాలుగుసార్లు తిప్పితే నెల గడిచిపోతుంది. వారానికి ఒక పూట ఖాళీగా వదలండి. మిగిలిన కూరలకో, హఠాత్తుగా వచ్చే చుట్టాలకో అది పనికొస్తుంది. ఎవరూ రాకపోతే పచ్చిపులుసు, కందిపొడి. పొయ్యి మీద అన్నం ఒక్కటి పెడితే సరిపోతుంది.

చిట్టీ ఒకటి కాదు

అన్నీ నెలకోసారి కొనేవి కావు. చింతపండు, ఎండుమిర్చి కొత్త పంట వచ్చే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా తీసుకోవడం మేలు. మా వైపు యాసంగి పల్లీలు కూడా ఎండలు ముదిరే వేళకే వస్తాయి. కందిపప్పులో తాండూరు పప్పు రుచి నాకు నచ్చుతుంది. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొత్త పప్పు దొరికే రోజుల్లో మూడు నాలుగు నెలలకు కొనుక్కోవచ్చు. నూనె, పంచదార, ఉప్పు, రవ్వ, పెసరపప్పు, మినపప్పు, చాయ్ పొడి నెల చిట్టీలోకి వస్తాయి. కూరగాయలు వారానికోసారి అంగడిలో, ఆకుకూరలు రెండు రోజులకోసారి. జొన్నపిండిని మాత్రం నెలకు పట్టించకండి. పదిహేను రోజులు దాటితే చేదెక్కుతుంది, రొట్టె తడుతుంటే అంచులు పగులుతాయి. జొన్నలు ఇంట్లో పెట్టుకుని వారానికి రెండు కిలోల చొప్పున గిర్నికి పంపండి.

దుకాణంలో

కడుపునిండా తిని వెళ్లండి, ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. నూనె ప్యాకెట్ మీద ధర కంటే ముందు బరువు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగాలి. చూడటానికి అదే సైజులో ఉన్నా కొన్ని ప్యాకెట్లలో 850 గ్రాములే ఉంటుంది. బియ్యం బస్తాల మీద 26 కిలోలని చూసి కొందరు ఆశ్చర్యపోతారు. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యానికి ఐదు శాతం జీఎస్టీ వేశాక, ఆ పన్ను పడకుండా ఉండేందుకు వచ్చిన బస్తాలవి. మాకైతే అది కలిసొచ్చింది. నెల గడిచాక మూడున్నర కిలోలు మిగులుతాయి, దోసెల పిండికి అవే.

ఇంటికి తెచ్చాక

పప్పులను ఒక పూట ఎండలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడిగా పోస్తే మూత కింద చెమ్మ పట్టి పురుగును మనమే పిలిచినట్టవుతుంది. రవ్వను దోరగా వేయించి పెట్టండి. పాతది అడుగున ఉండగా పైన కొత్తది పోయకండి. పాతది గిన్నెలోకి తీసి, కొత్తది డబ్బాలో పోసి, పాతదాన్ని మళ్లీ పైన వేయండి.

అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, పక్కనే దారంతో పెన్సిలు కట్టండి. ఏదైనా అయిపోయిన రోజున దాని పేరు, తారీఖు రాయడం డబ్బా ఖాళీ చేసినవారి బాధ్యత. మా కాగితం మీద ఇప్పుడు అత్తమ్మ చేతిరాతలో మూడు వరుసలున్నాయి: పెసరపప్పు 22, చాయ్ పొడి 24, పంచదార 19. పంచదార పక్కన పిల్లలిద్దరి పేర్లూ రాసి ఉన్నాయి.