ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగేటప్పుడు మీ మాట తేటగా వినపడాలంటే ఎలా?

కిందటేడు మేం చదువుకున్న బడికి లైబ్రరీ గది కట్టించాలని పాత విద్యార్థులమంతా జూమ్‌లో కలిశాం. విశాఖలో, ఎంవీపీ కాలనీలోని మా ఇంటి హాల్లోంచే కార్యక్రమం నడిపాం. చివర్లో మా సీనియర్ ఒకాయన "ఇంకా కావలసింది..." అని కాస్త ఆగి, "అరవై వేలు" అన్నారు. సగం మందికి అది ఇరవై వేలుగా వినపడింది. పావుగంటలో ఇరవై వేలు జమయ్యాయి, చాట్‌లో అభినందనలు మొదలయ్యాయి, ఒక్కొక్కరే సెలవు తీసుకుని వెళ్లిపోయారు. మిగతా నలభై వేల కోసం వారం రోజులు ఫోన్లు చేస్తూ కూర్చున్నాం.

తర్వాత రికార్డింగ్ వింటే అందులో ఉన్నది "...రవై వేలు". తప్పు ఆయనది కాదు. ల్యాప్‌టాప్ ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉంది, నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు తగ్గించే సెట్టింగ్ 'హై'లో ఉంది. ఆగి మళ్లీ మొదలుపెట్టిన ఆ క్షణంలో అది గొంతో ఫ్యానో తేల్చుకోలేక సాఫ్ట్‌వేర్ మొదటి అక్షరాన్ని మింగేసింది. ఆ దెబ్బతో నేర్చుకున్నవే ఇవన్నీ.

1. గది చూసుకోండి

విశాఖవాళ్లకు మొదట పుట్టే కోరిక, వెనకాల సముద్రం కనపడాలని. వద్దు. ఆర్కే బీచ్ దగ్గరి డాబా మీద సాయంత్రం గాలి నేరుగా మైకులోకి కొడుతుంది. గాలికి మైకు మీద స్పాంజి తొడుగు వేసి కొంత నెట్టుకురావచ్చుగానీ అలల హోరును ఆపలేం. మన మాటలో స, శ, త, ప లాంటి అక్షరాలు ఉండే చోటే ఆ హోరూ ఉంటుంది. దాన్ని తీసేస్తే ఇవీ పోతాయి. సముద్రం చూపించాలంటే ముందురోజు ఒక నిమిషం వీడియో తీసుకుని మధ్యలో వేయండి.

హాలు కన్నా పడగ్గది మేలు. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. టప్పుమని ఆగిపోతే మంచి గది. గంయ్‌మని సాగితే కర్టెన్లు వేయండి, మంచం మీద పరుపు ఉంచేయండి, ఎదురుగా దండెం కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. బొంతలు మీ వెనక కాదు, మీ ముఖానికి ఎదురుగా ఉండాలి. గొంతు ముందుగా తగిలేది అక్కడే. బట్టలు నిండా ఉన్న బీరువా తలుపు తీసి దానికెదురుగా కూర్చున్నా పని జరుగుతుంది. ఎన్ఏడీ, షీలానగర్ వైపు ఉండేవాళ్లు విమానాల చప్పుడు కూడా లెక్కలో పెట్టుకోవాలి. కిటికీలు మూయడం తప్ప దానికి మందు లేదు.

2. మైకు జానెడు దూరంలో

అన్ని చిట్కాలూ మర్చిపోయినా ఇది మర్చిపోకండి. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాను చప్పుడు మాత్రం తగ్గదు, అది అన్నిచోట్లా అంతే ఉంటుంది. అందుకే వేలు పోసి కొన్న మైకు నాలుగడుగుల దూరంలో ఉంటే, ఫోనుతో వచ్చిన పాత వైరు ఇయర్‌ఫోనే దానికన్నా బాగా పలుకుతుంది. నన్నడిగితే ముందు కొత్తది కొనకండి, ఉన్నదాన్ని దగ్గరికి జరపండి.

కాలర్ మైకు ఉంటే గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి. చీర కొంగు కింద దాచొద్దు. నల్లపూసలు, గొలుసు తగిలినప్పుడల్లా వినేవాళ్లకు బకెట్లో గులకరాళ్లు పోసినట్టు ఉంటుంది. కొనేముందు పిన్ను చూడండి. మూడు నల్లగీతలుంటే ఫోనుకు సరిపోతుంది, రెండే ఉంటే అది సాధారణంగా కెమెరా కోసం చేసింది. ఫోనుకు ఇయర్‌ఫోను రంధ్రమే లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో పాటలు ఎంత బాగున్నా, వాటి మైకు వాడేసరికి చాలావాటిలో నాణ్యత పడిపోతుంది. పైగా మధ్యలో చార్జింగ్ అయిపోతే ఆ టెన్షన్ వేరే. వైరే నయం.

3. ఒక గదిలో ఒకటే మైకు, ఒకటే స్పీకరు

'కుయ్‌'మని చెవులు చిల్లులు పడే మోత వచ్చిందంటే, ఒకే గదిలో ఇద్దరు ఒకే మీటింగ్‌లో ఉన్నారని అర్థం. ఒకరి స్పీకర్లోంచి వచ్చింది ఇంకొకరి మైకులోకి వెళ్లి, మళ్లీ స్పీకర్లోకి వచ్చి తిరుగుతుంటుంది. రెండో ఫోను మ్యూట్ చేస్తే చాలదు, దాని వాల్యూమ్ కూడా సున్నా చేయాలి. మా బాబాయి మ్యూట్ చేశానని ప్రమాణం చేశారుగానీ స్పీకరు మోగుతూనే ఉంది.

4. సెట్టింగులు

జూమ్‌లో ఆడియో సెట్టింగుల్లోకి వెళ్లి 'బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ సప్రెషన్' చూడండి. గది ప్రశాంతంగా ఉంటే 'లో'లో పెట్టండి. ఫ్యాను లేకుండా మన ఉక్కపోతలో కూర్చోలేం కదా అంటారా? ఏసీ ఉంటే అరగంట ముందే గది చల్లబరిచి తక్కువ స్పీడులో ఉంచండి. లేకపోతే ఫ్యాను ఒకటి మీదే తిప్పండి.

పాటలూ వాయిద్యాలూ ఉంటే సంగతి వేరు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు పెట్టారనుకోండి, రొమ్ముకు కట్టిన రేకు తప్పెట, కాలి గజ్జెలు రెండూ సాఫ్ట్‌వేర్‌కు చప్పుడుగానే తోస్తాయి. వాటిని తుడిచేసి కళాకారుల నోళ్లు మాత్రం ఆడిస్తుంది. 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేసి, మైకును ఆరేడు అడుగుల వెనక్కి జరిపి, లెవెల్ తగ్గించండి. మాట్లాడేవాళ్ల వంతు రాగానే మళ్లీ మామూలు సెట్టింగుకు రావాలి.

వీడియో చూపించేటప్పుడు స్క్రీన్ షేర్‌లో 'షేర్ సౌండ్' టిక్ పెట్టండి. బడి పిల్లల వీడియో మూగగా నడిచి, మనం "బాగుంది కదండీ" అంటే అవతలివాళ్లు మొహమాటానికి తలూపుతారు. ఓబీఎస్ (లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు గీటురాయి అందులోని ఆడియో మీటరే. మాట పసుపులో ఆడాలి, ఎరుపులోకి పోకూడదు. యూట్యూబ్ లైవ్ అయితే మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, అదేరోజు మొదలుపెట్టొద్దు.

5. ముందురోజు అంకెల డిక్టేషన్

"హలో, వినపడుతోందా?" అంటే అందరూ వినపడుతోందనే అంటారు. అది పరీక్ష కాదు. ముందురోజు అదే సమయానికి, అదే గదిలో కూర్చుని, ఊళ్లో ఎక్కడో ఉన్న ఒకరికి ఇరవై, అరవై, డెబ్భై, తొంభై, ఎనిమిది, తొమ్మిది అని కలగాపులగంగా చెప్పి రాసుకోమనండి. వాళ్లు హెడ్‌ఫోన్లు లేకుండా, మామూలు ఫోను స్పీకర్‌తో, మొబైల్ డేటా మీద వినాలి. పదిలో ఒక్కటి తప్పినా మైకు ఇంకాస్త దగ్గరికి జరపండి. అదే సమయానికి అని ఎందుకన్నానంటే, గుడి మైకు, పక్కింటి కుక్కరు, వీధిలో బండివాడి కేక అన్నీ ఆ వేళకే తెలుస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్ల కోసం మనకు రాత్రి 7:30 పెడితే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9.

6. అడిగే ఐదు నిమిషాలు

ఫ్యాను ఆపేయండి. హోస్ట్ అందరినీ మ్యూట్ చేసి, ఎవరికి వాళ్లు తీసుకునే వీలు లేకుండా పెట్టాలి. అంకెను రెండు రకాలుగా చెప్పండి: "అరవై వేలు, ఆరు సున్నా". యూపీఐ ఐడీ నోటితో చదవొద్దు. 'బి', 'డి', 'పి' ఫోన్లో ఒకేలా ఉంటాయి. క్యూఆర్ కోడ్ తెర మీద ఉంచి, ఐడీని చాట్‌లో టైపు చేయండి.

7. కరెంటు, నెట్

అక్టోబరు, నవంబరు మనకు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక నగరం ఎన్ని రోజులు చీకట్లో ఉందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో పెడితే ఇంకో తేదీ కూడా అనుకుని ఉంచుకోండి. మామూలు రోజుల్లో రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి, ఇంకో ఫోనులో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. నెట్ తడబడితే వెంటనే వీడియో ఆపి గొంతు మాత్రం పంపండి, దానికి పట్టే డేటా చాలా తక్కువ. ఫోనుతోనే నడిపేవాళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఒకటే ఆన్ చేసుకోండి. లేకపోతే సరిగ్గా అడిగే సమయానికి లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేస్తారు.

ఇంకో పాత ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మాట్లాడేవాళ్ల పక్కన పెట్టండి. ఎవరు ఎంత ఇస్తామన్నారో మర్నాడు రాసుకునేటప్పుడు జూమ్ రికార్డింగ్ కన్నా అదే పనికొస్తుంది.