గ్రహశకలాల రంగు చదవడం – 4వ పాఠం: నల్లరాళ్లలో ఏది ఏ రకం?

భూపాలపల్లి నుంచి బొగ్గు లారీలు వచ్చే రోడ్డు మీద, పరకాల దగ్గర నాకొక బొగ్గు పెళ్ల దొరికింది. గుప్పెట్లో పట్టేంత ఉంటుంది. దాన్ని తెచ్చి హనుమకొండలో మా డాబా మీద, పిట్టగోడ నీడలో తెల్ల ఏ4 కాగితం పరిచి దానిమీద పెట్టాను. పక్కన ఒక ఇటుక ముక్క, ఇంకో పక్కన గుప్పెడు ఎండిన నల్లరేగడి. మీరూ ఈ మూడూ సమకూర్చుకోండి. ఇవాళ్టి పాఠంలో సగం ఈ కాగితం మీదే ఉంది.

పోయిన పాఠంలో గ్రహశకలాల్లో సి రకాన్నీ ఎస్ రకాన్నీ విడదీయడం చూశాం. ఎస్ అంటే రాతిమయం, కొంచెం ఎరుపు. సి అంటే కర్బనం కలిసిన నలుపు. 1975లో చాప్‌మన్, మారిసన్, జెల్నర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు వేసిన ఈ మొదటి గీత ఇప్పటికీ పనికొస్తుంది. కానీ నల్లవన్నీ ఒకే జాతి కావు. 1984లో డేవిడ్ తోలెన్ ఎనిమిది ఫిల్టర్లతో కొలిచిన రంగులు పెట్టుకుని నల్లవాటినే సి, బి, ఎఫ్, జి, పి, డి అని విడగొట్టాడు. వీటిలో సి, బి, పి, డి పట్టుబడితే చాలు. మిగతా రెండింటికీ అతినీలలోహిత కాంతి కావాలి, అది మన గాలిని దాటి సరిగా రాదు.

మొదట ఒక మాట మనసులో నాటుకోవాలి. నలుపు వేరు, రంగు వేరు. వచ్చిన వెలుగులో ఎంత భాగం తిరిగి వెళ్తోంది అన్నది నలుపు, దాన్నే ఆల్బెడో అంటాం. తిరిగి వెళ్లేదాంట్లో ఎరుపు ఎక్కువా, నీలం ఎక్కువా అన్నది రంగు. పాలంపేటలో రామప్ప గుడి చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. గోడల ఇసుకరాయిలో ఎరుపు ఉంది, మదనికల రాయిలో నలుపు ఉంది. ఒకటి చూసి ఇంకోటి చెప్పలేం.

ఇప్పుడు ఫోను తీయండి. హెచ్‌డీఆర్ ఆపేసి, ఫ్లాష్ లేకుండా, కాగితమూ మూడు వస్తువులూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఎండలో వద్దు, బొగ్గు మీద తళుకు పడితే లెక్క తప్పుతుంది. ఫొటోలో ఒక చుక్క మీద వేలు పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. నాకు కాగితం మీద 230, 232, 240 వచ్చాయి. బొగ్గు మీద 60, 60, 62. కాగితం తెల్లదే అయినా నీలం ఎందుకు ఎక్కువ వచ్చింది? నీడలో పడేది ఆకాశపు వెలుగు, అందులో నీలం ఎక్కువ. అందుకే బొగ్గు అంకెను కాగితం అంకెతో భాగిస్తాం. భాగించగానే వెలుగు తెచ్చిన రంగు పోయి, వస్తువు సొంత రంగు మిగులుతుంది.

అయితే 60ని 230తో భాగించి 26 శాతం అని రాసుకోకండి. ఫోను వెలుగును ఉన్నదున్నట్టు రాయదు, మన కంటికి ఇంపుగా ఉండేలా అంకెలు సర్దుతుంది. ఆ సర్దుబాటు తీసేయాలంటే వచ్చిన భాగఫలాన్ని 2.2వ ఘాతానికి ఎక్కించాలి, ఫోను కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఆ మీట కనిపిస్తుంది. అప్పుడు బొగ్గు ఎరుపులో 5.2 శాతం, నీలంలో 5.1 శాతం. నీలం నుంచి ఎరుపుకు వెళ్లేకొద్దీ ఈ శాతం ఎంత మారుతుందో దాన్ని వాలు అంటాం. అంటే బొగ్గు బాగా నలుపు, వాలు లేదు. ఇటుక అంకెలు 165, 95, 80. ఎరుపులో 48 శాతం, నీలంలో 9 శాతం. నిట్టనిలువు వాలు. నల్లరేగడి 100, 90, 80 చూపింది. లెక్క కడితే ఎరుపులో 16, నీలంలో 9. పేరులో నలుపున్నా బొగ్గు పక్కన అది నలుపే కాదు! పున్నమినాడు వెండిలా మెరిసే చంద్రుడు తిప్పి పంపేది 12 శాతమే. 1997 జూన్ 27న నియర్ వ్యోమనౌక దగ్గరగా చూసిన మెటిల్డా అనే సి రకం గ్రహశకలం 4 శాతం పంపుతుంది. నా డాబా మీది బొగ్గు పెళ్లకు అది సరిజోడు.

ఆకాశంలో కాగితం పరవలేం కదా. అక్కడ వెలుగు సూర్యుడిది కాబట్టి సూర్యుడి రంగును తీసేస్తే సరి. సూర్యుడిని టెలిస్కోపుతో కొలవకూడదు గనుక దాదాపు అదే రంగున్న నక్షత్రాన్ని, ఉదాహరణకు 16 సిగ్ని బిని, కాగితంలా వాడతారు. ఇక్కడ జి, ఆర్, ఐ, జెడ్ అన్నవి రకాల పేర్లు కావు, ఫిల్టర్ల పేర్లు: వరసగా నీలి-ఆకుపచ్చ, ఎరుపు, దాని పక్కనున్న పరారుణం, ఇంకా అవతలి పరారుణం. ఒక్కో ఫిల్టర్‌లో వెలుగును మాగ్నిట్యూడ్‌లలో కొలుస్తారు, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. రెండు ఫిల్టర్ల అంకెల తేడాయే రంగు, అది పెరిగితే ఎరుపు పెరిగినట్టు. సూర్యుడి రంగులు ఇలా గుర్తుపెట్టుకోండి: జి–ఆర్ 0.44, ఆర్–ఐ 0.11, ఐ–జెడ్ 0.03. మాగ్నిట్యూడ్‌లలో భాగించడం అంటే తీసివేయడమే.

అభ్యాసానికి నేనే కల్పించిన మూడు రాళ్లు, అంకెలు అదే వరసలో. మొదటిది 0.46, 0.12, 0.03. సూర్యుడిని తీసేస్తే 0.02, 0.01, 0. వాలు లేదు, బొగ్గులాగే. ఇది సి. రెండోది 0.64, 0.20, –0.06. తీసివేస్తే 0.20, 0.09, –0.09. మూడోది 0.60, 0.24, 0.14. తీసివేస్తే 0.16, 0.13, 0.11. మొదటి అంకె ఒక్కటే చూస్తే రెండోదీ మూడోదీ అన్నదమ్ముల్లా ఉన్నాయి, రెండూ ఎరుపే. ఇక్కడే చాలామంది మోసపోతారు. చివరి అంకె చూడండి. రెండోది ఎక్కుతూ ఎక్కుతూ జెడ్ దగ్గర కిందికి పడిపోయింది. ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాలు 1 మైక్రాన్ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును మింగేస్తాయి, ఆ గుంట అంచు జెడ్ ఫిల్టర్‌కు తగులుతుంది. కాబట్టి అది ఎస్. మూడోది ఆగకుండా ఎక్కుతూనే ఉంది. అది డి. బృహస్పతి కక్ష్యలో తిరిగే ట్రోజన్లు అనే గ్రహశకలాల్లో ఎక్కువ భాగం ఈ డి రకమే. చూపులకు ఎరుపు వాలు, కానీ నలుపులో సి కన్నా తక్కువేం కాదు.

తీసివేశాక అంకెలు సున్నా కంటే కాస్త కిందికి, –0.02, –0.02 అలా వస్తే అది బి, అంటే కొంచెం నీలి వాలు. బెన్ను అనే గ్రహశకలానిది ఈ రకమే. భూమ్మీంచి ఇలా రంగు చదివే అక్కడ కర్బనం, నీటితో కలిసిన బంకమన్ను ఖనిజాలు ఉంటాయని ముందే అనుకున్నారు. 2023 సెప్టెంబరులో ఒసైరిస్-రెక్స్ వ్యోమనౌక అక్కణ్నుంచి తెచ్చిన 121.6 గ్రాముల మట్టిలో అవే కనిపించాయి. ఆ వార్త చదివినరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కొలిచేటప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. లక్నవరం వైపు చీకటి బాగుంటుందని మిత్రుడి టెలిస్కోపుతో వెళ్లాం. ముందు జి ఫిల్టర్‌లో గంటసేపు, తర్వాత ఆర్ ఫిల్టర్‌లో గంటసేపు తీశాం. ఇంటికొచ్చి లెక్క కడితే ఒక మామూలు సి రకం రాయి డి అంత ఎర్రగా వచ్చింది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. రాయి తన చుట్టూ తాను తిరుగుతోంది. సన్నటి వైపు తిరిగినప్పుడు జి తీశాం, వెడల్పు వైపు తిరిగినప్పుడు ఆర్ తీశాం. వెలుగులో వచ్చిన తేడాను రంగు అనుకున్నాం. అందుకని వరస ఇలా ఉండాలి: ఆర్, జి, ఆర్, ఐ, ఆర్, జెడ్, ఆర్. ప్రతి ఫిల్టర్‌కూ అటూ ఇటూ ఆర్ ఉంటుంది కాబట్టి, మధ్యలో రాయి ఎంత తిరిగిందో తెలిసిపోతుంది. రాయి బాగా పైకొచ్చాకే మొదలుపెట్టండి. దిగంతం దగ్గర గాలి నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది, సూర్యాస్తమయంలో చూస్తాం కదా.

ఇక రంగు చేతులెత్తేసే చోటు. తీసివేశాక 0.05, 0.05, 0.03 లాంటి అంకెలు వచ్చాయనుకోండి. స్వల్పమైన ఎరుపు వాలు, గుంటలేమీ లేవు. దీన్ని ఎక్స్ అంటారు. ఇందులో మూడు రకాలు ఇమిడి ఉన్నాయి. ఆల్బెడో 0.3 (అంటే 30 శాతం) దాటితే ఇ, నైసా అనే గ్రహశకలం లాంటిది. 0.1 నుంచి 0.3 దాకా ఎం, సైకీ లాంటిది. 0.1 లోపైతే పి, సిల్వియా లాంటిది. రంగు మూడింటిదీ దాదాపు ఒకటే. నలుపు కొలిస్తేనే పి బయటపడుతుంది.

మరి నలుపు ఎలా కొలవాలి? దూరం నుంచి చూస్తే చిన్న తెల్లరాయీ పెద్ద నల్లరాయీ ఒకే చుక్కలా కనిపిస్తాయి. సూత్రం ఇది: 1329ని ఆల్బెడో వర్గమూలంతో భాగించి, 10ని –హెచ్/5 ఘాతానికి ఎక్కించి గుణిస్తే వ్యాసం కిలోమీటర్లలో వస్తుంది. హెచ్ అంటే ఆ రాయి అసలు మాగ్నిట్యూడ్. హెచ్ 15 అయితే, ఆల్బెడో 0.25 ఉన్న రాయి వ్యాసం 2.7 కిలోమీటర్లు. 0.04 ఉన్న రాయిది 6.6. వెడల్పు రెండున్నర రెట్లు, ఘనపరిమాణం పదిహేను రెట్ల పైన. భూమి వైపు వచ్చే రాయి విషయంలో ఈ తేడా ఎంతదో మీరే ఊహించండి.

ఈ చిక్కుముడి విప్పేది వేడి. మే నెల మధ్యాహ్నం రామగుండంలో బొగ్గు కుప్ప పక్కన నిలబడినవాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లది వెలుగును మింగి సెగగా వదులుతుంది. 4 శాతం తిప్పి పంపేది 96 శాతం మింగుతుంది, 25 శాతం పంపేది 75 శాతం మింగుతుంది. మింగేదాంట్లో తేడా అంత పెద్దది కాదు కాబట్టి, పరారుణంలో కనిపించే సెగ ముఖ్యంగా సైజును చెబుతుంది. సైజు తెలిస్తే మామూలు వెలుగు నుంచి ఆల్బెడో రాబట్టవచ్చు. 1983లో ఐరాస్ ఉపగ్రహం, 2009లో వెళ్లిన వైజ్ ఇలాగే కొలిచాయి.

వచ్చే పాఠానికి రెండు పనులు. ఒకటి, హెచ్ 12 ఉన్న ఒక రాయి రంగులు 0.49, 0.16, 0.06. ఆల్బెడో 0.05, 0.15, 0.45 అయితే దాని వ్యాసం ఎంతెంతో, ప్రతిసారీ అది ఏ రకమో రాయండి. రెండు, మీ బొగ్గు పెళ్లను కడిగి, తడిగా ఉండగా ఒక ఫొటో, ఎండలో పూర్తిగా ఆరాక ఇంకో ఫొటో, కొంత నూరి పొడి చేశాక మరో ఫొటో తీయండి, మూడూ కాగితం మీదే. ఆ మూడింటి అంకెలు పక్కన పెట్టుకుని కూర్చుంటే, 0.7 మైక్రాన్ దగ్గర కొన్ని సి రకాల్లో కనిపించే ఆ చిన్న గుంటతో 5వ పాఠం మొదలుపెడతాను.