గేమింగ్ పీసీ కట్టాలంటే మానిటర్ దగ్గర మొదలుపెట్టండి

"అక్కా, ఐ7 అంట, 16 జీబీ ర్యామ్ అంట, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు కూడా ఉందంట. అన్నీ కలిపి పాతిక వేలే. తీసుకోనా?" ఖమ్మంలో బీటెక్ చదువుతున్న మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫొటో పెట్టి అడిగిన మాట ఇది. చుట్టాల పిల్లలకి పీసీలు కట్టిస్తుంటాను కాబట్టి ఇలాంటి ఫొటోలు నాకు తరచూ వస్తాయి. వాటిలో రాసి ఉన్నదాని కంటే రాయకుండా వదిలేసిందే ముఖ్యం. ఏ తరం ఐ7? ఏ కార్డు?

కనుక్కోమన్నాను. ప్రాసెసర్ ఐ7-3770, అంటే 2012లో వచ్చింది, నాలుగు కోర్లు. కార్డు జీటీ 730, 2014 నాటిది. ర్యామ్ పాత తరం డీడీఆర్3. ఇది సినిమాలకి, ఎక్సెల్‌కి పనికొస్తుంది. కానీ ఆ ప్రాసెసర్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. ఐ3, ఐ5, ఐ7 అన్న పేరు పక్కన ఉండే నంబరే అసలు సంగతి చెబుతుంది. ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్ ముందు ఆ పాత ఐ7 నిలబడలేదు.

సరే, మరి ఏం కొనాలి? చాలామంది ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. నేను మానిటర్ దగ్గర మొదలుపెడతాను. ఎందుకో చెప్తాను.

ఆటలో ప్రతి ఫ్రేముకీ, అంటే తెర మీద వచ్చే ఒక్కో బొమ్మకీ, రెండు పనులు జరుగుతాయి. శత్రువు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటు వెళ్లింది, ఏ వస్తువు కనబడాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ దృశ్యాన్ని పిక్సెల్ పిక్సెల్‌గా గీసేది గ్రాఫిక్స్ కార్డు. రిజల్యూషన్ పెరిగితే ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది, కార్డు పని మాత్రం పెరుగుతుంది. 1080పీ అంటే సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ అంటే 36.9 లక్షలు, 4కే అంటే 82.9 లక్షలు. ప్రాసెసర్ సెకనుకి 140 ఫ్రేములు సిద్ధం చేయగలిగి, కార్డు 80 మాత్రమే గీయగలిగితే మీకు కనబడేవి 80. కార్డు 200 గీయగలిగినా ప్రాసెసర్ 90 దగ్గర ఆగిపోతే 90. వాడకుండా మిగిలిపోయిన సత్తాకి కూడా మీరు డబ్బు కట్టారు. బ్యాలెన్స్ అనేది ఇదే.

కాబట్టి రెండు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. ఏ మానిటర్? ఏ ఆటలు? మావాడు రోజూ స్నేహితులతో వాలరెంట్ ఆడతాడు, సెలవుల్లో సైబర్‌పంక్ 2077 ఆడాలని కోరిక. వాలరెంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి, ఫ్రేములు ఎంత ఎక్కువైతే అంత మంచిది. సైబర్‌పంక్ కార్డుని పిండేస్తుంది. అతని బల్లకి 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ చాలు. ఈ ఒక్కటి తేలితే సగం జాబితా తేలినట్టే.

ఆ మానిటర్‌కి ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 స్థాయి కార్డు సరిపోతుంది. మూడింటికీ 8 జీబీ మెమరీయే. కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపొర బొమ్మలు) అన్నిటికంటే పై స్థాయి అల్ట్రాలో పెడితే ఆ 8 జీబీ నిండిపోయే అవకాశం ఉంది. నిండిందంటే డేటా మామూలు ర్యామ్‌లోకి వెళ్లి రావాలి, అప్పుడు ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. 1440పీ మానిటర్ కొనేవాళ్లకి మాత్రం 8 జీబీ కార్డు వద్దనే చెప్తాను. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గానీ 16 జీబీది చూడండి. ఈ రెండు కార్డులూ ఒకే పేరుతో 8 జీబీలోనూ 16 జీబీలోనూ దొరుకుతాయి. పెట్టె మీద అంకె మీ కళ్లతో చదివాకే డబ్బు కట్టండి.

ఇప్పుడు ప్రాసెసర్. ఈ స్థాయి కార్డులకి ఆరు కోర్ల రైజెన్ 5 7600 హాయిగా సరిపోతుంది. బడ్జెట్ ఇంకా బిగువుగా ఉంటే ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 5600. దీని పక్కనే 5500 అని ఇంకొకటి ఉంటుంది, తేడా చిన్నదనిపిస్తుంది. కానీ 5600కి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500కి 16 ఎంబీయే. పైగా కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారి, పీసీఐఈ, 5500లో పాత 3.0 దగ్గరే ఆగిపోయింది. పైన మొదట చెప్పిన మూడు 8 జీబీ కార్డులూ ఆ దారిలో ఎనిమిది లేన్లతోనే పనిచేస్తాయి కాబట్టి, మెమరీ నిండినప్పుడు ఆ పాత పీసీఐఈ ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఆ కొద్ది డబ్బు తేడాకి కక్కుర్తి పడొద్దు.

నేను మావాడికి 7600 ఎంచుకోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్‌ని (బోర్డు మీద ప్రాసెసర్ గూడుని) 2027 దాకా, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఉద్యోగం వచ్చాక బోర్డు మార్చకుండానే పెద్ద ప్రాసెసర్ వేసుకోవచ్చు. రెండోది, దానిలో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది. కార్డు వారంటీకి వెళ్లిన రోజుల్లో కూడా అసైన్‌మెంట్లు ఆగవు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకి ఆ వీలు లేదు, కార్డు తీసేస్తే తెర మీద ఏమీ రాదు. ఇక ఖరీదైన రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటివి అద్భుతమైన ప్రాసెసర్లే, కానీ వాటి పక్కన 5060 పెట్టి 1080పీలో సైబర్‌పంక్ ఆడితే ఆ అదనపు డబ్బు ఎక్కడా కనబడదు.

మదర్‌బోర్డు మీద ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. 7600కి మామూలు బీ650 బోర్డు చాలు. 12400ఎఫ్‌కి ఓవర్‌క్లాకింగే (స్పీడు మనం పెంచుకునే వీలే) లేదు కాబట్టి జెడ్ సిరీస్ బోర్డు దండగ. ఎస్ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి, ఆటల సైజులు చూస్తున్నారుగా.

ర్యామ్ మాత్రం ఒకటే స్టిక్కు కొనొద్దు. 16 జీబీ అయితే రెండు 8లు, 32 అయితే రెండు 16లు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టాలి. మొదటి రెండిట్లో పక్కపక్కనే గుచ్చేస్తే రెండూ ఒకే చానల్‌లో (డేటా దారిలో) పడతాయి, ఆటలో కనిష్ఠ ఫ్రేములు పడిపోతాయి. ఏఎం5కి డీడీఆర్5-6000, సీఎల్30 (సీఎల్ అంకె తక్కువైతే ర్యామ్ త్వరగా స్పందిస్తుంది) మంచి ఎంపిక. బయాస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని రాసిన స్పీడుకి నడిపే సెట్టింగు, ఆన్ చేసేదాకా ఆ 6000 రాదు, తక్కువ స్పీడులోనే నడుస్తుంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 32 జీబీ భారమనిపిస్తే ఇప్పటికి 16తో కానివ్వండి, కార్డు స్థాయి తగ్గించకండి. అయితే తర్వాత ఇంకో రెండు స్టిక్కులు జోడిద్దామనుకోవద్దు. ఏఎం5లో నాలుగు స్టిక్కులు వేస్తే తరచూ స్పీడు తగ్గించాల్సి వస్తుంది. పెంచేటప్పుడు జతనే మార్చాలి.

పవర్ సప్లై గురించి కాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే బడ్జెట్ దాటినప్పుడల్లా అందరూ కోసేది ఇక్కడే. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినప్పుడు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) చేతిలోకి తీసుకుని, పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 25 ఆంపియర్లు అని ఉంటే, 12 ఇంటూ 25, మీ చేతికి వచ్చేది 300 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. మంచి 550 వాట్ల యూనిట్‌కి అదే గడిలో 45 ఆంపియర్ల దాకా కనబడుతుంది. 80 ప్లస్ గుర్తు విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, లోపలి రక్షణల గురించి చెప్పదు. అందుకే పేరున్న కంపెనీది, ఐదేళ్ల వారంటీ ఉన్నది చూసుకోండి. మావాడి పెట్టెకి 550 చాలు, మున్ముందు పెద్ద కార్డు ఆలోచన ఉంటే 650.

కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. 600 వీఏ అని రాసిన చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే. 5060కి 145 వాట్లు, 7600కి 88 వాట్ల దాకా, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ, మానిటర్ కలుపుకుంటే ఆట మధ్యలో 300 దాటేస్తుంది. 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. గోడ ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండాలి. ముందు మొత్తం అద్దం ఉన్నవి ఫొటోలో బాగుంటాయి గానీ గాలి పీల్చుకోలేవు. మే నెలలో ఖమ్మంలో ఏసీ లేని గది ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే లోపలి పార్టులు కూడా దాదాపు అంతే వేడెక్కుతాయి. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, దుమ్ము ఫిల్టరు తీసి కడుక్కునేలా ఉంటే చాలు. రంగుల లైట్లకి పెట్టే డబ్బు కార్డు వైపు మళ్లించండి.

మానిటర్ పక్కన పెడితే, మొత్తంలో 35 నుంచి 40 శాతం కార్డుకి, కార్డుకి పెట్టినదానిలో సగమంత ప్రాసెసర్‌కి వెళ్లేలా నేను లెక్క వేస్తాను. కొటేషన్ అడిగేటప్పుడు జీఎస్టీ కలిపి చెప్పమనండి. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

పీసీ ఇంటికొచ్చాక ముందు కేబుల్ చూడండి. మానిటర్ వైరు మదర్‌బోర్డుకి కాదు, కింద ఉన్న కార్డుకి పెట్టాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ ఉంటే 144 చేయండి. తర్వాత కార్డు వాడకం, ఫ్రేములు చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, మీరు నిజంగా ఆడే ఆట అరగంట ఆడండి. సైబర్‌పంక్‌లో కార్డు వాడకం 95 శాతం పైన నిలకడగా ఉంటే ప్రాసెసర్ దానికి తగినంత పని అందిస్తున్నట్టే. కార్డు 60 దగ్గర ఉండి ఫ్రేములు తక్కువగా వస్తుంటే రిజల్యూషన్ తగ్గించి చూడండి. అయినా ఫ్రేములు పెరగకపోతే ఆటని ఆపుతున్నది ప్రాసెసర్ వైపే. కొత్తది కొనే ముందు ఎక్స్‌పో ఆన్‌లో ఉందా, ర్యామ్ సరైన స్లాట్లలో ఉందా, ప్రాసెసర్ వేడి ఎంత, ఈ మూడూ చూడండి. వాలరెంట్‌లో మాత్రం కార్డు వాడకం తక్కువగా కనబడటం మామూలే. ఫ్రేములు 144కి పైనే ఉన్నంతవరకు అక్కడ సరిచేయాల్సింది ఏమీ లేదు.