ట్యాక్స్ లా చదివేవాళ్లు ఒక పత్తి తక్‌పట్టీ సంపాదించండి

జీఎస్టీ సెక్షన్లు ఎంత బట్టీ పట్టినా పరీక్ష హాల్లో కలగాపులగం అవుతున్నాయా? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. వాళ్ల తక్‌పట్టీ (అమ్మిన సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీ) ఒకటి అడిగి తీసుకోండి. దాన్ని పక్కన పెట్టుకుని జీఎస్టీ బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) తెరవండి.

ఈ రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలా? తాను పండించిన పంట అమ్మినంత వరకు అక్కర్లేదు, సెక్షన్ 23 చూడండి. మరి చట్టం లెక్కలో రైతంటే ఎవరు? సెక్షన్ 2(7) తీయండి. సొంత కష్టంతోనో, ఇంటివాళ్ల కష్టంతోనో, దగ్గరుండి కూలీలతో చేయించుకునో సాగు చేసే వ్యక్తి లేదా హిందూ అవిభక్త కుటుంబం. ఇక్కడ కాసేపు ఆగండి. ఊళ్లో పది మంది దగ్గర పత్తి కొని తెచ్చి అమ్మే మారుబేరగాడు ఇందులోకి వస్తాడా? రాడు. ఈ తేడా ఒక్కసారి సొంతంగా పట్టుకుంటే ఇక మర్చిపోరు.

పన్ను కట్టేది ఎవరు? రైతు దగ్గర కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి, రివర్స్ ఛార్జ్ కింద, అంటే అమ్మినవాళ్లకు బదులు కొన్నవాళ్లే పన్ను కట్టే పద్ధతిలో. దానికి సెక్షన్ 9(3), దాని కింద 2017 నవంబర్ 15 నుంచి ముడి పత్తికి అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ 43/2017 కలిపి చదవాలి. సెక్షన్ ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్‌కు సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనేముందు మాత్రం జాగ్రత్త. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం, సెక్షన్ల నంబర్లు మారాయి. మీ పరీక్షకు ఏ చట్టమో సిలబస్‌లో చూసుకున్నాకే డబ్బులు పెట్టండి.