ఓపెన్ సర్క్యూట్ నుంచి రీబ్రీదర్‌కు ఎప్పుడు మారాలి?

ఓపెన్ సర్క్యూట్ అంటే వదిలిన శ్వాస బుడగలై నీటిలోకి పోయే మామూలు స్కూబా డైవింగ్ పద్ధతి; రీబ్రీదర్ ఆ శ్వాసనే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే యంత్రం. రీబ్రీదర్‌కు మారాలా వద్దా అని తేల్చుకోవడానికి మొదట తెరవాల్సింది డైవ్‌ల వివరాలు రాసుకునే మీ లాగ్‌బుక్. గడచిన ఏడాది చేసిన డైవ్‌లను ఒక్కొక్కటిగా చూస్తూ, ప్రతి డైవ్ పక్కన అది ఎందుకు ముగిసిందో రాయండి. సిలిండర్‌లో గ్యాస్ తగ్గిందా, నో-డీకో సమయం (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సిన పని లేకుండా లోతున ఉండగల గడువు) అయిపోవచ్చిందా, చలి వేసిందా, జోడీగా దిగిన బడ్డీ పైకి వెళ్దామన్నారా, పడవ వాళ్లు పెట్టిన గడువు తీరిందా? వీటిలో రీబ్రీదర్ నేరుగా తీర్చేవి మొదటి రెండే. యంత్రంలోని లూప్‌లో, అంటే శ్వాస తిరిగే మూసిన గొట్టాల దారిలో, ఉండే గ్యాస్ వెచ్చగా, తేమగా ఉంటుంది కనుక చలి విషయంలో కొంత ఊరట దొరుకుతుంది. చివరి రెండింటి విషయంలో అది చేయగలిగిందేమీ లేదు. గంటలోపు అందరూ పైకి రావాలన్న నియమం ఉన్న పడవ మీదికి మూడు గంటలు పనిచేసే యంత్రాన్ని మోసుకెళ్లినా, మీకు దక్కేది ఆ ఒక్క గంటే. గ్యాస్ వల్లనో నో-డీకో పరిమితి వల్లనో ముగిసిన డైవ్‌లు అక్కడక్కడా మాత్రమే కనిపిస్తే, మీకింకా సమయం రాలేదనే నా అభిప్రాయం.

ఓపెన్ సర్క్యూట్‌లో వృథా ఎంత జరుగుతుందో అంకెల్లో చూడడం అవసరం. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే డైవర్ 30 మీటర్ల లోతున, అంటే 4 బార్ పీడనంలో, నిమిషానికి 80 లీటర్లు వాడతారు. 60 మీటర్ల లోతున అది 140 లీటర్లవుతుంది. శరీరం ఖర్చుపెట్టే ఆక్సిజన్ మాత్రం లోతును బట్టి మారదు. నెమ్మదిగా ఈదే మనిషికి అది నిమిషానికి సుమారు ఒక లీటరు. మిగిలినదంతా బుడగలై పోతుంది. రీబ్రీదర్ ఆ వదిలిన శ్వాసను లూప్‌లోనే తిప్పి, సోడా లైమ్ నింపిన స్క్రబ్బర్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసి, శరీరం వాడుకున్నంత ఆక్సిజన్‌ను తిరిగి చేరుస్తుంది. అందువల్ల 200 బార్‌కు నింపిన 3 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్‌లోని 600 లీటర్లు, లెక్క ప్రకారం చూస్తే, పది గంటలకు సరిపోతాయి. ఆచరణలో డైవ్‌కు హద్దు పెట్టేవి స్క్రబ్బర్ ఎంతసేపు పనిచేస్తుందన్నదీ, యంత్రం చెడితే పైకి రావడానికి వెంట ఉంచుకునే బెయిలవుట్ గ్యాస్ ఎంత అన్నదీ.

ఇంత లాభం అన్ని డైవ్‌లలోనూ ఉండదు. రీబ్రీదర్‌లో ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని (మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటాను) సాధారణంగా 1.3 బార్ దగ్గర నిలుపుతారు. 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) పీల్చే డైవర్‌కు 30 మీటర్ల దగ్గర అందేది 1.28 బార్. అంటే ఆ లోతున ఉన్నంతసేపూ ఇద్దరి శరీరాల్లోకీ నైట్రజన్ చేరే తీరు దాదాపు ఒకటే. 18 మీటర్లకు వచ్చేసరికి తేడా కనిపిస్తుంది: నైట్రాక్స్‌తో అక్కడ 0.9 బార్ మాత్రమే ఉంటుంది, రీబ్రీదర్ అదే 1.3ను నిలబెడుతూ దాదాపు 46 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమాన్ని అందిస్తుంది. కాబట్టి రకరకాల లోతుల్లో రెండు గంటలు తిరిగే డైవర్‌కు ఇది ఎంతో మేలు చేస్తుంది. మునిగిన ఓడ ఒకదాని మీద 30 మీటర్ల దగ్గర పాతిక నిమిషాలు గడిపి వచ్చేవారికి అంత మేలు కనిపించదు.

వారికి కావలసింది చాలాసార్లు జంట సిలిండర్లే. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్‌కు నింపితే 2,400 లీటర్లు. 50 బార్ నిల్వ తీసేస్తే 1,800 మిగులుతాయి. 30 మీటర్ల దగ్గర అవి 22 నిమిషాలకు చాలతాయి. సిలిండర్లు రెండైతే, నైట్రాక్స్‌తో కూడా గ్యాస్ కంటే ముందు నో-డీకో సమయమే అయిపోతుంది. నైట్రాక్స్, జంట సిలిండర్లు, సైడ్‌మౌంట్ (సిలిండర్లను ఒంటికి పక్కల తగిలించుకోవడం) అనే మెట్లను దాటేసి నేరుగా రీబ్రీదర్ కొనవద్దని నేను గట్టిగా చెప్తాను. ఆ మెట్ల మీద నేర్చుకునే వాల్వ్ మూసే అలవాటు, గ్యాస్ లెక్క, అదనంగా తగిలించుకునే స్టేజ్ సిలిండర్‌తో నిలకడగా ఉండడం అనేవే రీబ్రీదర్ ఆగిపోయిన రోజున మనిషిని పైకి తీసుకొస్తాయి.

ఇక అవసరం నిజంగా ఉండేది ఎవరికో చూద్దాం. మొదటివారు హీలియం వాడేవారు. 60 మీటర్ల దగ్గర 25 నిమిషాలు ఉండాలంటే ఓపెన్ సర్క్యూట్‌లో అడుగునే 3,500 లీటర్ల ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రజన్, హీలియం కలిసిన మిశ్రమం) ఖర్చవుతుంది. అందులో 45 శాతం హీలియం ఉంటే దాదాపు 1,600 లీటర్ల హీలియం ఒక్క డైవ్‌లో నీటిలో కలిసిపోయినట్టే. రీబ్రీదర్‌లో, లూప్‌లోని ఆక్సిజన్‌ను పలచబరిచే మిశ్రమం ఉన్న చిన్న డైల్యూయెంట్ సిలిండర్‌లో కొంత భాగంతోనే ఆ పని అయిపోతుంది. బెయిలవుట్ సిలిండర్లలో హీలియం నింపాల్సిందే గాని, అది వాడకుండా మిగిలితే తరువాతి డైవ్‌లకు పనికొస్తుంది. రెండోవారు గుహల్లో దూరం వెళ్లేవారు. మూడోవారు చేపలను దగ్గరగా చూడాల్సినవారు, ఫొటోలు తీసేవారు, వాటిని లెక్కించేవారు. బుడగల చప్పుడు లేకపోతే చేపలు దూరం తొలగవు. కంప్రెసర్ దొరకని మారుమూల చోట్లకు వెళ్లేవారిని కూడా ఈ జాబితాలో చేర్చుకోవచ్చు.

శ్వాస విషయంలో పీల్చే గ్యాస్ సాంద్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. లూప్‌లో గ్యాస్‌ను తిప్పేది మీ ఛాతీ కండరాలే కనుక గ్యాస్ చిక్కబడేకొద్దీ శ్రమ పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటుంది. లీటరుకు 5.2 గ్రాములలోపు ఉండాలనీ, 6.2 దాటకూడదనీ నిపుణుల సిఫారసు. మామూలు గాలి 30 మీటర్ల దగ్గరలోనే మొదటి హద్దును, 40 మీటర్లకు చేరకముందే రెండో హద్దును తాకుతుంది. అంతకంటే లోతుకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే హీలియం దొరికే మార్గాన్ని, దాని ఖర్చును ముందే చూసుకోండి.

ప్రమాదాన్ని మొహమాటం లేకుండా చూడాలి. ఓపెన్ సర్క్యూట్‌లో లోపాలు చాలావరకు తమంతట తామే బయటపడతాయి: రెగ్యులేటర్ నుంచి గ్యాస్ ఆగకుండా పొంగుతుంది, శ్వాస లాగడం బరువెక్కుతుంది, గేజ్ ముల్లు పడిపోతుంది. రీబ్రీదర్‌లో అలా కాదు. ఆక్సిజన్ తగ్గిపోతే ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. ఎక్కువైతే మూర్ఛ (ఫిట్స్) వస్తుంది, దానికీ ముందస్తు సూచన ఉంటుందన్న నమ్మకం లేదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆయాసం, తలనొప్పి, తికమక మొదలవుతాయి గాని, అప్పటికే శ్వాస ఎంత ఉధృతమవుతుందంటే మౌత్‌పీస్ మార్చుకోవడానికి ఆ కొన్ని సెకన్లు కూడా నిలవలేని స్థితి రావచ్చు. ఆస్ట్రేలియా వైద్యుడు ఆండ్రూ ఫాక్ 1998 నుంచి 2010 వరకు నమోదైన 181 రీబ్రీదర్ మరణాలను పరిశీలించి 2013లో ప్రచురించిన విశ్లేషణలో, మరణాల రేటు ఓపెన్ సర్క్యూట్‌తో పోలిస్తే సుమారు పది రెట్లని తేల్చారు. ఏ ఒక్క తయారీ యంత్రమూ అందులో ప్రత్యేకంగా ఎక్కువ కనిపించలేదు. మూడింట రెండు వంతుల మరణాలు ప్రమాదకరమైన డైవ్‌తోనో, ప్రమాదకరమైన ప్రవర్తనతోనో ముడిపడి ఉన్నాయి. ఏ కంపెనీది కొనాలి అని నెలల తరబడి వాదించుకునేవారు ఈ రెండు విషయాలను కలిపి చదవాలని నా కోరిక.

అందుకే నైపుణ్యం సంగతిని యంత్రం కంటే ముందు పెట్టాలి. మీ బాయన్సీ (తేలకుండా, మునగకుండా ఒకే లోతున ఉండే నేర్పు) ఆలోచించకుండానే నిలబడుతుందా? పైకి వస్తూ ఆగే 6 మీటర్ల స్టాప్ దగ్గర, తాడు పట్టుకోకుండా, మీ జాడ పైవారికి చూపే సర్ఫేస్ మార్కర్ వదులుతూ అర మీటరు కూడా కదలకుండా ఉండగలరా? అంతకుమించి, బెయిలవుట్ లెక్క మీ అంతట మీరు వేయగలరా? 40 మీటర్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ దెబ్బ తగిలిందనుకుందాం. శ్వాస నిమిషానికి 40 లీటర్లకు పెరిగితే 5 బార్ దగ్గర అది 200 లీటర్లు; కుదురుకోవడానికి రెండు నిమిషాలు పడితే 400 లీటర్లు అక్కడే పోతాయి. 6 మీటర్లదాకా పైకి రావడానికి నాలుగు నిమిషాలు, సగటున 3.3 బార్ దగ్గర నిమిషానికి 30 లీటర్ల చొప్పున మరో 400. పై స్టాప్‌లలో పది నిమిషాలకు ఇంకో 400. మొత్తం 1,200 లీటర్లు. 200 బార్ ఉన్న 11 లీటర్ల సిలిండర్‌లో 2,200 ఉంటాయి కనుక సరిపోతుంది. అయితే స్టాప్‌లు అరగంటకు పెరిగితే ఆ మిగులు చూస్తుండగానే కరిగిపోతుంది. ఈ లెక్క ఇంకొకరు వేసి పెడితే తప్ప తేలని స్థితిలో ఉంటే, ఓపెన్ సర్క్యూట్‌లో డీకంప్రెషన్ శిక్షణ పూర్తి చేయడం మీ తరువాతి పని.

నైపుణ్యంతోపాటు చూడాల్సింది మీ స్వభావం. డైవ్‌కు ముందు గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా, రాసి ఉన్న చెక్‌లిస్ట్‌ను వరుస తప్పకుండా పూర్తి చేయగలరా? 2012లో అమెరికాలోని ఓర్లాండోలో జరిగిన మూడో రీబ్రీదర్ ఫోరం చెక్‌లిస్టుల వాడకాన్ని గట్టిగా సమర్థించింది, అది కేవలం లాంఛనం కాదు. సోడా లైమ్ నింపడాన్నే తీసుకోండి. గింజలను కొద్దికొద్దిగా పోస్తూ, డబ్బా పక్కలను తడుతూ, పైదాకా నింపి, మూత బిగించాక ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు రాకూడదు. ఎక్కడైనా ఖాళీ మిగిలితే గ్యాస్ ఆ దారినే జారిపోయి, శుభ్రపడకుండానే మీ నోటికి చేరుతుంది. ఒక ఓ-రింగ్ (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు వలయం) పెట్టడం మరిచిపోయినా ఫలితం అదే. బయలుదేరే ముందు అయిదు నిమిషాలు యంత్రంతో శ్వాసించి చూడడం ఎలక్ట్రానిక్స్ పనిచేస్తున్నాయని నిర్ధారించడానికి మంచిదే గాని, స్క్రబ్బర్ లోపాన్ని అది తప్పక పట్టిస్తుందని నమ్మరాదు.

లూప్‌లో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెల్‌లది మరో పాఠం. గాలిలో 10.2 మిల్లీవోల్టులు చూపే సెల్ శుద్ధ ఆక్సిజన్‌లో దానికి 4.76 రెట్లు, అంటే దాదాపు 48.5 చూపాలి. 43 దగ్గరే ఆగిపోయే సెల్‌కు కాలం తీరిందని అర్థం. అక్కడ బాగానే కనిపించిన సెల్ కూడా పీడనం పెరిగాక తడబడవచ్చు, అందుకే శిక్షకులు 6 మీటర్ల దగ్గర లూప్‌ను ఆక్సిజన్‌తో నింపి అది 1.6 బార్ చూపుతుందో లేదో చూడడం నేర్పుతారు. 1.3కు చేరలేని సెల్‌ను నమ్ముకున్న కంట్రోలర్ (ఆక్సిజన్ చేర్చే ఎలక్ట్రానిక్ భాగం) ఆక్సిజన్ చాలలేదనుకుని పోస్తూనే ఉంటుంది. మూడు సెల్‌లు ఉన్నాయి కదా అని ధైర్యపడలేం. ఒకే రోజు కొన్న రెండు సెల్‌లు ఒకేసారి ముసలివైతే, ఎక్కువ సెల్‌లు చెప్పినదాన్నే కంట్రోలర్ నమ్ముతుంది కనుక, అవి రెండూ ఏకమై, సరిగా చెబుతున్న మూడోదాన్ని పక్కకు నెట్టేస్తాయి. ఇలాంటి వివరాలు చదువుతుంటే ఆసక్తి పెరిగితే మంచి సూచన. విసుగు పుడితే దాన్ని కూడా అంతే నిజాయతీగా పట్టించుకోండి.

ఎంత తరచుగా డైవ్ చేస్తారన్నది తరువాతి ప్రశ్న. సెల్‌ల ఆయుష్షు, మీరు వాడినా వాడకపోయినా, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపే తీరుతుంది. చేతుల అలవాటు అంతకంటే త్వరగా పోతుంది. ఏడాదికి ఒకే సెలవు ప్రయాణంలో మాత్రమే నీటిలో దిగేవారికి రీబ్రీదర్ తగదని నేను అనుకుంటాను. మీరు డైవ్ చేసే చోట శుద్ధ ఆక్సిజన్, సరైన రకం సోడా లైమ్ నిలకడగా దొరుకుతాయా, మీ యంత్రాన్ని సర్వీస్ చేసేవారు అందుబాటులో ఉన్నారా, ఆ యంత్రం గురించి తెలిసిన బడ్డీ ఉన్నారా అని కొనడానికి ముందే విచారించండి.

వీటన్నిటికీ అవునని జవాబు వస్తే, ముందు శిక్షకుణ్ణి ఎంచుకుని, తరువాత యంత్రాన్ని ఎంచుకోండి. సర్టిఫికెట్ ఒక్కో రకం యంత్రానికి విడిగా ఇస్తారు కనుక ఈ రెండూ కలిసే నడుస్తాయి. తాను నేర్పే యంత్రం మీద సొంతంగా, ఇప్పటికీ, క్రమం తప్పకుండా డైవ్ చేసే శిక్షకులైతే మేలు. స్విమ్మింగ్ పూల్‌లో రెండు మూడు రకాలను ప్రయత్నించి చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 14143 ప్రకారం పరీక్షించినదా అని అడగండి. మౌత్‌పీస్‌ను నోటికి పట్టి ఉంచే పట్టీ, నోటి దగ్గరే ఓపెన్ సర్క్యూట్‌కు మార్చే బెయిలవుట్ వాల్వ్ ఉన్నవాటికి నేను ప్రాధాన్యమిస్తాను. స్పృహ తప్పినప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు పోకుండా ఆ పట్టీ కాపాడగలదు.

శిక్షణ అయ్యాక చాలా అనుభవమున్న డైవర్‌కు కూడా మొదటి గంటలు కొత్తగానే ఉంటాయి. శ్వాస పీల్చినా వదిలినా శరీరం పైకీ కిందికీ కదలదు, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోంచి వెళ్లిన గ్యాస్ కౌంటర్‌లంగ్ అనే శ్వాస సంచిలోకే చేరుతుంది. పైకి వస్తుంటే లూప్‌లోని గ్యాస్ ఉబ్బుతుంది, ఆక్సిజన్ పాక్షిక పీడనం పడిపోతుంది. రెంటినీ ఒకేసారి చూసుకోవాలి. కెమెరాను ఇంటి దగ్గరే ఉంచి, బాగా తెలిసిన చోట, 20 మీటర్లలోపు, నో-డీకో హద్దుల్లోనే ఎన్నో గంటలు గడపండి. ప్రతి డైవ్‌లో ఒకసారైనా బెయిలవుట్‌కు మారండి, కొన్ని డైవ్‌లను మొదటి నుంచి చివరిదాకా బెయిలవుట్ మీదే పూర్తి చేయండి. పాత జంట సిలిండర్లను అమ్మేయకండి. యంత్రంలో ఏ చిన్న లోపం కనిపించినా ఆ రోజు ఓపెన్ సర్క్యూట్‌లో దిగే దారి తెరిచి ఉంటే, డైవ్ మానుకోలేక లోపాన్ని సర్దుకుపోయే ప్రలోభం తగ్గుతుంది. మధ్యలో కొన్ని నెలలు విరామం వస్తే, మునుపు ఎంత లోతుకు వెళ్లినా సరే, మళ్లీ ఆ 20 మీటర్ల దగ్గర నుంచే మొదలుపెట్టండి.