చెమ్మగాలిలో రాక్ సంగీతకారుల ఫోటో ప్రింట్లు: ఎక్కడ పాడవుతాయి, ఏం చెయ్యాలి

మన ఒడిశా బరంపురం ఇళ్ళలో దేవుడి పటాలు తాతల నాటి నుంచి గోడ మీదే ఉంటాయి. మరి ఇష్టపడి, డబ్బు కూడబెట్టి కొన్న రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ ఫోటో ప్రింటు ఒకటి రెండు వానాకాలాలకే ఎందుకు చెడిపోతుంది? పటం పాడైతే ఇంకోటి కొంటాం కాబట్టి దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. యాభై మాత్రమే తీసిన ప్రింట్లలో పన్నెండోది మన దగ్గరుంటే, అది పోయాక మళ్ళీ రాదు.

గోపాల్‌పూర్ సముద్రం పక్కనున్న బరంపురమైనా, కొండల మధ్యనున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ అయినా నేను గట్టిగా చెప్పేది ఒకటే. చాలాసార్లు తప్పు ఫోటోది కాదు. దానికి తగులుతున్న గాజుది, అట్టది, జిగురుది, గోడది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు ఫ్రేము దించి వెనక వైపు చూడండి.

ఫోటో గాజుకి అంటుకుపోయింది

ఫ్రేముని పక్క నుంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. కొన్నిచోట్ల ఫోటో తడిసినట్టు ముదురుగా, నిగనిగలాడుతూ కనిపిస్తే అక్కడ గాజుకి పట్టేసిందని అర్థం.

బ్లాక్ అండ్ వైట్ సిల్వర్ జెలటిన్ ప్రింటులో (అంటే డార్క్‌రూమ్‌లో, వెండి కలిసిన జెలటిన్ పొర ఉన్న కాగితం మీద వేసిన ఫోటోలో) బొమ్మ ఉండేది పైనున్న జెలటిన్ పొరలో. గాలిలో తేమ పెరిగితే ఆ పొర ఉబ్బి మెత్తబడుతుంది. మన పటాలు కట్టే షాపుల్లో అలవాటు కొద్దీ గాజుని నేరుగా బొమ్మ మీద పెట్టి, వెనక ప్లైవుడ్ నొక్కి మేకులు కొట్టేస్తారు. ఇక అంటుకోక ఏం చేస్తుంది?

దయచేసి లాగకండి. లాగితే బొమ్మ ఊడి గాజు మీదే ఉండిపోతుంది. నీళ్ళలో నానబెడితే వస్తుందని ఎవరైనా చెప్తారు, అదీ వద్దు. ఇంక్‌జెట్ ప్రింటయితే (కంప్యూటర్ ప్రింటరు సిరా చల్లి వేసేది) రంగు కారిపోవచ్చు, సంతకం చెదిరిపోవచ్చు. గాజు మీద నుంచే మంచి ఫోటో తీసి పెట్టుకుని, గాజుతో సహా నిపుణులకి చూపించండి. భువనేశ్వర్‌లో వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళ కన్సర్వేషన్ (పాత వస్తువుల్ని బాగుచేసే) కేంద్రం ఉంది.

ఇంకా అంటుకోని వాటికి ఆమ్లం లేని కాటన్ మౌంట్ బోర్డుతో కిటికీలా కత్తిరించిన మౌంట్ (ఫోటో చుట్టూ వచ్చే అట్ట చట్రం) వేయించండి. గాజుకీ ఫోటోకీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ బోర్డు ఊళ్ళో దొరక్కపోతే బయట నుంచి తెప్పించి మీరే షాపతనికి ఇవ్వండి. "గాజు ఫోటోకి తగలకూడదన్నా" అని చెప్పి, కట్టేటప్పుడు దగ్గరే నిలబడండి. అందులో మొహమాటం అక్కర్లేదు.

బూజు, గోధుమ రంగు చుక్కలు

గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. వానాకాలంలో మన వైపు అది మామూలే. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి గదిలో పెట్టుకోండి, ఏ గోడ పనికొస్తుందో అదే చెప్తుంది. వాన కొట్టే గోడ, బాత్రూం వెనక గోడ, నిమ్ము ఎక్కే గోడ పనికిరావు. మంచి గోడకైనా ఫ్రేము కింది మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటించి వెనక గాలి ఆడనివ్వండి.

బూజు తడిగా, బొచ్చులా ఉన్నప్పుడు తుడిస్తే లోపలికి రుద్దుకుపోతుంది. ముందు ఫ్రేములోంచి తీసి, మిగతా ప్రింట్లకి దూరంగా, ఏసీ గదిలో బాగా ఆరనివ్వండి. పొడిబారాక ఆరుబయట, మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో మెల్లగా దులపండి. కాగితంలోకి దిగిన గోధుమ చుక్కలు పోవు. వాటిని గోకి పోగొట్టాలని చూడకండి. పెట్టెలో దాచేటప్పుడు తేమ పీల్చే సిలికా జెల్ వెయ్యండి, కలరా ఉండలు మాత్రం వద్దు. పీవీసీ కవర్లు కూడా వద్దు, వాటిలోంచి వచ్చే జిడ్డు ఫోటోకి పట్టుకుంటుంది. పాలిస్టర్ కవర్లు వాడండి.

నల్లటి చోట్ల వెండి మెరుపు

ఇది సిల్వర్ జెలటిన్ ప్రింట్లకే వస్తుంది. చవక అట్ట, ప్లైవుడ్, కొత్తగా వేసిన పెయింటు వదిలే ఆవిర్ల వల్ల ఫోటోలోని వెండి పైకి తేలి, అంచుల్లో నీలంగా మెరుస్తుంది. రుద్దితే బొమ్మే అరుగుతుంది. వెనక అట్ట మార్చండి. గదికి రంగులు వేయిస్తే కొన్ని వారాల పాటు ప్రింట్లని వేరే గదిలో ఉంచండి.

అలలు అలలుగా లేచింది

నాలుగు వైపులా టేపు వేసి బిగించారన్నమాట. తేమకి కాగితం సాగుతుంది, సాగడానికి చోటు లేక లేస్తుంది. పై అంచున మాత్రమే రెండు జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో వేలాడదీయాలి. సెల్లోటేపు, ఫెవికాల్ ప్రింటు దరిదాపులకి కూడా రాకూడదు.

కలర్ ఫోటో ఎర్రబారింది

1970ల నాటి కలర్ ప్రింట్లలో నీలం వైపు రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది. పోయిన రంగు తిరిగి రాదు. చల్లగా, పొడిగా ఉంచితే ఉన్నది ఇంకొంత కాలం నిలుస్తుంది.

కొన్నది అసలుదేనా అని టెన్షన్

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కొనండి. ఫోటోలో బూడిద రంగు ఉన్న చోట, ముఖం నీడలో, పెట్టి చూడండి. వరుసలుగా, పువ్వుల్లా చుక్కలు కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చేసిన పోస్టర్. సన్నటి తుంపర చల్లినట్టుంటే ఇంక్‌జెట్. చుక్కలే లేకుండా, ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి గరుకు (గ్రెయిన్) మాత్రం మెత్తగా కనిపిస్తే డార్క్‌రూమ్ ప్రింటు కావచ్చు. ఇంక్‌జెట్ అంటే నకిలీ కాదు, ఇవాళ చాలా ఎడిషన్లు (లెక్కపెట్టి, నంబర్లు వేసి తీసే ప్రింట్లు) అలాగే వస్తున్నాయి. సిల్వర్ జెలటిన్ అని చెప్పి ఇంక్‌జెట్ ఇస్తేనే మోసం. సంతకం మీద కూడా భూతద్దం పెట్టండి. చుక్కలుంటే అది చేత్తో పెట్టింది కాదు.

తర్వాత తేదీలు చూడండి. బొమ్మ తీసిన సంవత్సరం వేరు, ప్రింటు వేసిన సంవత్సరం వేరు. అమెరికాలోని మాంటరే సంగీతోత్సవంలో హెండ్రిక్స్‌ని ఫోటోగ్రాఫర్ జిమ్ మార్షల్ ఫోటోలు తీసింది 1967లో. మార్షల్ పోయింది 2010లో. 2015లో వేసిన ప్రింటు మీద ఆయన చేతి సంతకం ఉందంటే నమ్మాల్సిన పని లేదు. రాక్ గాయకుడు డేవిడ్ బోవీని ఫోటోలు తీసిన మిక్ రాక్ 2021లో పోయారు, అక్కడా ఇదే లెక్క. వారసుల ముద్రతో వచ్చే ప్రింట్లు తప్పుడువి కావు, కానీ వాటికి సంతకం ఉన్న ప్రింటు ధర పెట్టకండి. 12/50 (యాభైలో పన్నెండోది) అని ఉంటే, అదే బొమ్మ వేరే సైజుల్లో ఇంకెన్ని తీశారో, ఆర్టిస్ట్ ప్రూఫులు (ఆ లెక్కకి బయట ఫోటోగ్రాఫర్ తన కోసం తీసుకునే ప్రింట్లు) ఎన్నో అమ్మేవాళ్ళని రాతపూర్వకంగా అడగండి. చాలా ఎడిషన్లలో ఒక్కో సైజుకి వేరే లెక్క ఉంటుంది.

తుఫాను కబురు వస్తే

2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ వరదలు గజపతి జిల్లాని ముంచెత్తాయి. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి రాదు, ఏసీని నమ్ముకుంటే కుదరదు. కబురు రాగానే ప్రింట్లు గోడ మీద నుంచి దించి, పాలిస్టర్ కవర్లలో పెట్టి, సిలికా జెల్‌తో సహా గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, నేల మీద కాకుండా అటక మీద పెట్టండి. ఇంటి పైకప్పు కారేదైతే అటక వద్దు, మంచం మీదో బల్ల మీదో పెట్టి పైన టార్పాలిన్ కప్పండి. ప్రింట్లతో ఇచ్చిన సర్టిఫికెట్లు విడిగా ఇంకో కవర్లో పెట్టి, వాటి ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి.